తెలియని భాషలో నమ్మకం

సూరత్‌లోని పర్వత్ పాటియాలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదివారం ఇక్కడ తెలుగు కీర్తన వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ ఊరట దేవుడిచ్చిందే. అయితే మనవాళ్ల నడుమ, మన మాటల్లో మాత్రమే నిలబడే విశ్వాసం ఎంత దూరం నడవగలదు?

ఇలాంటప్పుడు నాకు బిషప్ అజరయ్య గుర్తొస్తారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1903లో తోటివారితో కలిసి ఒక మిషనరీ సంఘం స్థాపించారు. అది నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకుంది. ఇతరుల్ని పంపి ఊరుకోలేదాయన. 1909లో వైఎంసీఏ బాధ్యత వదిలి తానే వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు, పల్లెపల్లెకూ తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో డోర్నకల్‌లోనే కన్నుమూశారు. పదవి సరే, నన్ను కదిలించేది మాత్రం ముప్పై దాటిన మనిషి పరాయి భాష ముందు పసివాడిలా కూర్చోవడం.

కూలి కోసం ఎరగని ఊరికి రైలెక్కిన తెగువ మన పెద్దలది. ఎక్కడికో తెలియకుండానే బయల్దేరిన అబ్రాహాము వాళ్లకు కొత్తవాడేం కాదు. బతుకుతెరువు కోసం చూపిన ఆ తెగువ దేవుని కోసం గుమ్మం దాటలేదా?

1820ల్లో లండన్ మిషనరీ సొసైటీ వారు గుజరాతీ బైబిల్ అచ్చువేసింది ఈ సూరత్‌లోనే. అదే ఊళ్లో ఉంటున్న నాకు, పొరుగింటి గుజరాతీ పెద్దావిడ మంచాన పడినప్పుడు ఆమె భాషలోనే ప్రార్థించాలని కోరిక. వ్యాకరణం తప్పుతుంది. తప్పినా వెళ్తాను.