పేరుమోసిన మాస్టారు

భీమడోలులో మా ఇంగ్లీషు మాస్టారి పదవీవిరమణ సభకు సన్మానపత్రం వ్రాసే భారం నా మీద పడింది. ‘పేరుమోసిన అధ్యాపకులు’ అనబోయి ‘నొటోరియస్’ అని వ్రాశాను. మన భాషలో వైద్యుడూ పేరుమోసినవాడే, గజదొంగా పేరుమోసినవాడే కదా! సభలో చదివిన తరువాత గాని తప్పు తెలియలేదు. సిగ్గుతో చితికిపోయాను.

మరునాడు వెళితే, మాస్టారు కోప్పడలేదు. కొల్లేటినే పాఠం చేశారు. “పక్షుల వలన కొల్లేరు ఫేమస్. చేపల చెరువుల ఆక్రమణల వలన నొటోరియస్. 2006లో ఆ గట్లు తెగగొట్టవలసి వచ్చింది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ మంచినీటి సరస్సుగా ఉండడం దాని డిస్టింక్టివ్ లక్షణం. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి డిస్టింగ్విష్డ్ అయింది. తనంతట తాను వేరుగా ఉంటే మొదటిది; లోకం గౌరవించి వేరుగా నిలబెడితే రెండవది.”

‘నొటోరియస్’కు మూలమైన లాటిను మాటకు ‘తెలిసినది’ అనే అర్థమట. నింద తరువాత వచ్చి చేరింది.

పత్రం మార్చి తెస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“నా దగ్గర చదువుకున్నవాడు వ్రాసినది. తప్పులో సగం నాదేరా!”

మొన్న వెళ్ళినప్పుడు చూశాను. అది ఇంకా గోడమీదే ఉంది.