మీటర్ చెప్పని కిలోమీటర్లు

ముంబై హైవే మీద ఇస్నాపూర్ చౌరస్తాకు కాస్త ముందు, సర్వీసు రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు. లోపల డీలర్ అమ్మకానికి పెట్టిన మూడు స్విఫ్ట్ డీజిల్ బండ్లు నిలబడి ఉన్నాయి. మూడూ 2014 మోడల్, మూడింట్లోనూ అదే 1248 సీసీ ఇంజన్. పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేసే మా తమ్ముడు వీటిలో ఒకటి కొందామనుకున్నాడు. నడిపి చూస్తే ఒకటి చక్కగా లాగింది, ఒకటి రెండువేల ఆర్‌పీఎం దాటినా కదలనని మొరాయించింది, మూడోది నిలబడ్డ చోటే వణికింది. ఒకే ఇంజన్‌కి ఇన్ని బుద్ధులేమిటని అడగడానికి ఇద్దరం అక్కడి మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. షెడ్డులో పిల్లలంతా ఆయన్ని అలాగే పిలుస్తారు.

ఇంజన్ అసలు ఫియట్ వాళ్లది. మల్టీజెట్ పేరుతో 2003లో వచ్చింది. 2007లో మన స్విఫ్ట్‌లోకి చేరింది. ఇండికా విస్టాలోనూ పుంటోలోనూ ఉన్నది ఇదే. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్ ఇస్తే, టర్బో మార్చి బిగించిన ఎర్టిగాలో 90 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రాగానే మారుతి డీజిల్ బండ్లు ఆపేసింది కాబట్టి ఇప్పుడు ఈ ఇంజన్ కావాలంటే సెకండ్ హ్యాండే గతి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఏ రెండు ఇంజన్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడా మాత్రం డ్రైవరు కాలికి తెలిసేంత కాదు. తెలిసే తేడా అంతా రోడ్డు మీదే పుడుతుంది.

మొరాయించిన బండి మీటరు చూస్తే అరవై రెండు వేలే. సింగిల్ ఓనర్. డీలర్ గొప్పగా చెప్పుకున్నది దీని గురించే. ఉస్తాద్ అప్పటికే ఈజీఆర్ వాల్వు విప్పి బల్ల మీద పెట్టాడు. పొగ గొట్టంలోంచి కొంత పొగను వెనక్కి మళ్లించి మళ్లీ సిలిండర్లకు పంపే వాల్వు అది. దాని నోరంతా తారు పూసినట్టు మసి. ఆ వెనకున్న గాలి దారిలోనూ అంతే మందం. బండి రోజూ రామచంద్రాపురంలో ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తిరిగిందట. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేసేవాళ్లు. అలా నడిస్తే మసి కాలిపోదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు. గాలి సరిపడా అందక పికప్ పోతుంది.

"తక్కువ తిరిగిందంటే మంచిదే కద ఉస్తాద్?" అన్నాడు తమ్ముడు.

"మీటర్ కిలోమీటర్లే చెప్తది సార్. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పదు. కంపెనీ గేటు కాడ ఏసీ పెట్టుకుని నిలబడ్డ క్యాబ్ ఉంటది, మీటర్ కదలదు, ఇంజన్ అరుగుతనే ఉంటది."

ఇక్కడి దుమ్ము గురించి ఉస్తాద్ చెప్పేదాకా ఆలోచించలేదు. లారీలు రేపే ఈ దుమ్ములో ఎయిర్ ఫిల్టర్‌కి మాన్యువల్‌లో రాసిన గడువు చెల్లదు. నాసిరకం ఫిల్టర్ వేస్తే సన్నటి ఇసుక లోపలికి పోయి టర్బో రెక్కల్నీ రింగుల్నీ తినేస్తుంది.

వణికే బండికి గ్లో ప్లగ్‌లు విప్పి, ఆ రంధ్రాల్లో ఒక్కొక్కదానికీ గేజి బిగించి సెల్ఫ్ కొట్టించాడు. మూడు సిలిండర్లలో ఒత్తిడి దాదాపు సమానం, నాలుగోదాంట్లో బాగా తక్కువ. ఆయిల్ మూత తీస్తే పొగ కొట్టలేదు, అంటే రింగుల పక్కనుంచి గ్యాస్ కిందికి దిగే బ్యాక్ కంప్రెషన్ లేదు. "రింగులు గాదు. నీళ్లు మింగిందేమో" అన్నాడు. నీరు గాలిలా నలగదు. సిలిండర్‌లోకి చేరితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాస్త వంగినా పిస్టన్ పైదాకా రాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో మునిగిన కార్లు ఎన్ని కడిగి, తుడిచి, బేరానికి వచ్చాయో! హెడ్ విప్పితే తప్ప ఖాయంగా చెప్పలేనన్నాడు. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర తీయించమన్నాడు. కొనేవాళ్లలో ఎంతమంది అడుగుతారో నాకు అనుమానమే.

చక్కగా లాగిన బండి లక్షా ఎనభై వేలు తిరిగింది. ఎక్కువ భాగం జహీరాబాద్ హైవే మీదే, ఒకే వేగంలో, వేడెక్కిన ఇంజన్‌తో. ఆయిల్ మార్చిన బిల్లులు డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. ఉస్తాద్‌కి దీని మీదా ఒక అనుమానం మిగిలింది: ఎవరైనా ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ట్యూనింగ్ చేయించి ఉంటే పికప్ బాగానే ఉంటుంది కానీ భారమంతా క్లచ్ మీదా టర్బో మీదా పడుతుంది. స్కానర్ పెట్టి చూశాడు, అనుమానించాల్సిందేమీ కనబడలేదు.

"ఏ బండైనా పొద్దుగాల్నే చూడున్రి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టున్రి. వెచ్చగుంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసిన్రన్నట్టు" అన్నాడు. చల్లటి ఇంజన్ తొలి నిమిషంలో ఇచ్చే పొగ, చప్పుడు, వణుకు తర్వాత దొరకవు.

డీలర్ రేట్లు మాత్రం మీటరు ప్రకారమే: అరవై రెండు వేల బండికే అన్నిటికన్నా ఎక్కువ. తమ్ముడు లక్షా ఎనభై వేల బండికి అడ్వాన్సు ఇచ్చాడు. క్లచ్ ప్లేటు, టైమింగ్ చైన్ ఖర్చు ధరలో తగ్గించాలని బేరం ఇంకా నడుస్తోంది.