ఐదు వేల కిలోమీటర్లంటే ఎన్ని గంటలు?

మా హాస్టల్లో బండ్ల గురించి మాటలొస్తే మైలేజీ, టాప్ స్పీడ్, లుక్స్. ఈ మూడే. ఇంజన్ ఆయిల్ ఊసు ఎవరూ ఎత్తరు. సర్వీసింగ్‌కి ఇస్తే వాళ్లే మారుస్తారు కదా అని ధీమా. మా ఇంట్లో అలా కుదరదు. మా నాన్నకున్నది ఒక్క డీజిల్ పికప్ బండి. సీజన్‌లో మదనపల్లె చుట్టూ ఉన్న పల్లెల నుంచి టమాటా క్రేట్లు మండీకి తోలుతాడు. సీజన్ అయిపోతే బెంగళూరు బాడుగలు. ఇంజన్ బోరుకొచ్చిందంటే బండి రోజుల తరబడి షెడ్డులో పడుంటుంది. దాంతోపాటు నా సెమిస్టర్ ఫీజు కూడా.

మొన్న వేసవి సెలవుల్లో ఇంట్లో ఈ ఆయిల్ గురించే పెద్ద చర్చ జరిగింది. ఏ ఆయిల్ పోయాలి, ఎప్పుడు మార్చాలి? మెకానిక్ అన్నది ఐదు వేల కిలోమీటర్లు. ఆయిల్ షాపాయన మాట, మంచి సింథటిక్ పోస్తే పదివేలు వస్తుందని. మా బాబాయికీ ఒక పికప్ ఉంది, బీఎస్6 బండి. ఆయన లెక్క ఇంకా సులువు: "నల్లగైతే మార్చు, లేకుంటే వద్దు." పైగా ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద డబ్బా కొంటే రేటు తగ్గుతుందని ఒక ఐడియా కూడా ఇచ్చాడు.

ముందు డబ్బా మీద రాసుండే అంకెల సంగతి. మా నాన్న బండికి పోసేది 15డబ్ల్యూ40. ఇందులో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 15 చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే చలిలో అంత త్వరగా పైకెక్కుతుంది. వెనకున్న 40, ఇంజన్ బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్‌లో మిగిలే చిక్కదనం. నేను ఇంటర్‌లో విస్కాసిటీ అని బట్టీ పట్టినదాన్నే నాన్న చిక్కదనం అంటాడు. నిజానికి 15డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 20 డిగ్రీలు కింద, 25 డిగ్రీలు కింద పెట్టి పరీక్షిస్తారు. మా ఊరి డిసెంబరు చలి దానికి లెక్కే కాదు. అందుకే మాకు ముందున్న అంకె కంటే వెనకదే ముఖ్యం, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు బేరింగుల మధ్య ఆ పొర తెగకుండా నిలవాలి. అలాగని "పాత ఇంజన్ కదా, ఇంకా చిక్కటిది పొయ్యి" అనే సలహా కూడా సరైంది కాదు. అరిగిన రింగులు చిక్కటి ఆయిల్‌తో బాగుపడవు, కొన్నాళ్లు పొగ కనపడదు, అంతే. కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడు రాసుంటే అదే.

డబ్బా మీద ఇంకో గుర్తు ఉంటుంది, ఏపీఐ అని. డీజిల్ ఇంజన్లకు అది ఎక్కువగా సీ అక్షరంతో మొదలవుతుంది. సీఐ-4 అనేది 2002లో వచ్చింది, సీకే-4 2016 చివర్లో. నాన్న బండి బీఎస్4, పుస్తకంలో సీఐ-4 అని ఉంది. బాబాయి బండి కథ వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్6 వచ్చింది కదా, ఆయన బండి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంది. అది పొగలోని మసిని పట్టుకుని, బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. కానీ ఆయిల్‌లో కలిపే కొన్ని రసాయనాల్లో లోహాలుంటాయి. కాస్తంత ఆయిల్ ఇంజన్లో కాలినప్పుడు వాటి బూడిద పోయి ఆ జల్లెడలో కూర్చుంటుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. అందుకే అలాంటి బండ్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ అడుగుతారు. బాబాయి బండి పుస్తకం తీసి చూపించాను. అందులో 5డబ్ల్యూ30, అదీ తక్కువ బూడిద రకం. "ఒక డబ్బా మీద మిగిలేది వందలు బాబాయ్, ఆ జల్లెడ పోతే వేలు" అన్నాను. కాసేపు గొణిగాడు గానీ డబ్బాలు వేరువేరుగానే కొన్నారు.

ఇక నలుపు సంగతి. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది చెడిపోయినట్టు కాదు, పని చేస్తున్నట్టు. మసి ఒకచోట గడ్డ కట్టకుండా ఆయిల్ దాన్ని తనలో కలుపుకుని తిరుగుతోందన్నమాట. నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గేజ్ కడ్డీ తీసి చూస్తే మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందా, డీజిల్ కలుస్తుండొచ్చు. పాలు కలిపిన టీలా ఉందా, నీళ్లు చేరినట్టు. ఇవి నాన్నకు ఎవరూ నేర్పలేదు. రోజూ పొద్దున బండి స్టార్ట్ చేయకముందే, చదునైన చోట, కడ్డీ తుడిచి మళ్లీ ముంచి చూస్తాడు.

మిగిలింది అసలు ప్రశ్న. ఐదు వేలా, పది వేలా? కంపెనీ పుస్తకంలోనే రెండు అంకెలున్నాయి, మామూలు వాడకానికి ఒకటి, కష్టమైన వాడకానికి అంతకంటే తక్కువది. దుమ్ము, ఎక్కువ లోడు, చిన్న చిన్న ట్రిప్పులు, నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచడం, ఇవన్నీ కష్టమైన వాడకమే. సీజన్‌లో మా బండి చేసేది అచ్చం ఇదే. మండీ దగ్గర క్యూ నత్తలా కదులుతుంటే ఇంజన్ ఆపడానికి ఉండదు. చల్లగా, నెమ్మదిగా తిరిగే ఇంజన్లో డీజిల్ పూర్తిగా మండదు. ఆ మసీ, మిగిలిన డీజిలూ మెల్లగా ఆయిల్‌లోకి దిగుతాయి. మీటర్ మాత్రం ఒక్క కిలోమీటరు కూడా తిరగదు.

ఈ మాట చెబితే నాన్న తాపీగా అన్నాడు: "దాన్దేముంది నాయినా, ట్రాక్టరుకు కిలోమీటర్లు ఎవురు చూస్తారు? గంటలే గదా లెక్క."

నాకు నోట మాట రాలేదు. ట్రాక్టర్ మీటర్లో గంటలుంటాయని నాకూ తెలుసు, కానీ దాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టింది ఆయన. సరే అని రెండు వారాలు క్యాబిన్లో ఒక నోట్‌బుక్ పెట్టాం. స్టార్ట్ చేసిన టైం, ఆపిన టైం, కిలోమీటర్లు. సీజన్ రోజుల్లో సగటున రోజుకు 60 కిలోమీటర్లు, ఇంజన్ నడిచింది 5 గంటలు. అంటే గంటకు 12. అదే బెంగళూరు పోయి వస్తే 240 కిలోమీటర్లు, 7 గంటలు. గంటకు 34. ఇప్పుడు ఐదు వేలను ఈ రెండింటితో భాగించి చూడండి. హైవే మీద సుమారు 146 గంటలు. మండీ తోలకంలో దాదాపు 417 గంటలు. మెకానిక్ చెప్పిన అంకె ఒక్కటే, ఆయిల్ పడ్డ పాటు మాత్రం మూడింతలు దగ్గర.

అయితే గంటలు లెక్కపెట్టినంత మాత్రాన పని అయిపోదు. సీజన్‌లో బండి ఒక పూట ఆగితే ఆ పూట బాడుగ ఇంకో బండికి పోతుంది, రైతు రేపు కూడా వాళ్లనే పిలుస్తాడు. ఆయిల్ మార్పు వాయిదా పడేది అందుకే, తెలియక కాదు. ఆ సంగతి పుస్తకంలో ఉండదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. పుస్తకంలోని తక్కువ అంకె గానీ, 250 గంటలు గానీ, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి. ఆ రోజు దగ్గరపడుతోందని నోట్‌బుక్ వారం ముందే చెబుతుంది కాబట్టి, మండీకి సెలవున్న రోజు చూసి షెడ్డుకు చెప్పుకోవచ్చు. ఈ 250 ట్రాక్టర్ల లెక్క నుంచి తెచ్చుకున్న మోటు అంకె, అంతే. కచ్చితంగా తెలియాలంటే ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

మీ ఇంట్లో ఆటో ఉండొచ్చు, ట్రాక్టర్ ఉండొచ్చు, మామయ్య ట్రావెల్స్ కారు ఉండొచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు దాని పుస్తకం ఒకసారి తెరవండి, గ్రేడు చూడండి, కష్టమైన వాడకం అనే వరుస ఉందేమో వెతకండి. తర్వాత బండి నడిపేవాళ్లను రోజుకు ఇంజన్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉంటుందో అడగండి. ఆ అంకె ఏ యాప్‌లోనూ దొరకదు, వాళ్ల దగ్గరే ఉంటుంది. నేను హాస్టల్‌కి వచ్చేశాక మా నోట్‌బుక్ నాన్నే రాస్తున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే బాగున్నావా, తిన్నావా అయ్యాక మూడో మాట, "నూటా ఎనభై రెండు" అని.