మద్రాసులో మళ్ళీ నలుగురం

12 డిసెంబరు 2024, గురువారం రాత్రి. విజయవాడ

మద్రాసులో వాన దంచి కొడుతోందని టీవీలో చూసి, ప్రయాణం మానుకోమన్నారు మావారు. కోవైకి ఫోన్ చేశాను. "మందవెళిలో నీళ్ళేమీ నిలబళ్ళేదే. రాండి, నేనుండాను గదా" అంది. సంచి సర్దేశాను.

కోవై అంటే కోయంబత్తూరు పిల్ల. టీ నగర్ హాస్టల్లో మేమంతా ఒకళ్ళనొకళ్ళం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. గూడూరు టెలిఫోన్ ఆపరేటరు, కాకినాడ నర్సు, కోవై టైపిస్టు, బ్యాంకు ఉద్యోగం చేసే నేను ఒంగోలు. ఇప్పుడు అందరం రిటైరయ్యాం. మనవల పెళ్ళిళ్ళ దాకా ఆగితే మోకాళ్ళు సహకరించవని కాకినాడ పోరు పెట్టింది. అందుకే ఈ శని, ఆదివారాలు. నేను ఇంకో కారణంతో కూడా ఈ తేదీలే అడిగాను. ఆదివారం డిసెంబరు 15.

13 డిసెంబరు, శుక్రవారం

పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు. గూడూరులో గూడూరు ఎక్కింది, చేతిలో పులిహోర డబ్బాతో. నాయుడుపేట దాటాక మబ్బు విడిచింది. సూళ్ళూరుపేట, తడ, ఆరంబాకం. మధ్యలో ఎక్కడో రాష్ట్రం మారింది. వరిపొలాలు అవే, తాటిచెట్లు అవే, స్టేషను బోర్డు మీద అక్షరాలు మాత్రం వేరు. ఎన్నూరు పొగగొట్టాలు కనిపించగానే గూడూరు జడ సరిచేసుకుంది. అప్పట్లోనూ ఇక్కడే సరిచేసుకునేది.

1988 జూన్‌లో నాన్న నన్ను ఈ దారిలోనే తెచ్చి దిగబెట్టాడు. బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి ఆగినప్పుడు, "ఈ ఊరు మనది కావాల్సిందమ్మా" అన్నాడు. 1952లో ఆయన గుంటూరులో చదువుకుంటున్నాడు. మద్రాసు మనదేనని ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాడు. సెంట్రల్లో దిగాక నన్ను నేరుగా హాస్టలుకి తీసుకెళ్ళలేదు. ట్రంకుపెట్టెతో సహా ఆటో ఎక్కించి రాయపేట హైరోడ్డులో ఒక ఇంటి ముందు ఆపించాడు. బులుసు సాంబమూర్తిగారిల్లు. పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం ముట్టకుండా ప్రాణం విడిచిన ఇల్లు. నాన్న లోపలికి వెళ్ళలేదు. రోడ్డు మీదే చెప్పులు విప్పి దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఆటో ఎక్కాడు. అప్పుడు నాకు ఆకలిగా ఉండి, ఎప్పుడు కదులుతామా అని చూస్తూ నిలబడ్డాను. ఇరవై దాటినదాన్ని.

సెంట్రల్ నుంచి బయటికొచ్చి లోకల్ ఎక్కి మందవెళిలో దిగాం. చెపాక్ దాటాక లైను బకింగ్‌హామ్ కాలువ మీదుగానే పోతుంది. స్తంభాలన్నీ కాలువలోకే దింపారు. కింద నల్లటి నీళ్ళు. ఒకప్పుడు కాకినాడ నుంచి ఈ కాలువ మీదే బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవల్లో వచ్చేవి. కాలువల గొలుసులో ఆ కొసన కాకినాడ, ఈ వైపు చెన్నపట్నం. ఆ నీళ్ళని ఈ స్థితికి తెచ్చినందుకు నాకు నిజంగా కోపం వచ్చింది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పొద్దున్నే కోవై ఇంట్లో దిగిన కాకినాడ ఆ మాట వినగానే, "మా తాత పడవల లెక్కలు రాసేవాడే" అంది. ఇన్నాళ్ళూ ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

సాయంత్రం కార్తిగై దీపం. మన కార్తీకమాసం అయిపోయి మార్గశిరంలో పడ్డాం. వీళ్ళది సౌరమానం, పైగా కృత్తికా నక్షత్రం చూసి చేస్తారు, అందుకని ఈరోజు. అపార్టుమెంటు మెట్ల మీద, గోడల మీద, స్కూటర్ల పక్కన మట్టి ప్రమిదలు. తడి గాలికి ఆరిపోతుంటే పిల్లలు మళ్ళీ వెలిగిస్తున్నారు. కోవై మరమరాల ఉండలు చేసింది. బెల్లం పాకం ముదిరిందని దాని బాధ. మేం మాత్రం ఒకటీ మిగల్చలేదు.

14 డిసెంబరు, శనివారం

పొద్దున్నే తిరువల్లిక్కేణి రత్నా కేఫ్. ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోశారు, అయినా కాకినాడ ఇంకాస్త పొయ్యమంది. జీతం అందిన రోజున ఇక్కడికి రావడం మాకప్పుడు ఆనవాయితీ. మా సొంత డబ్బుతో, ఎవరినీ అడక్కుండా తిన్న తిండి.

అక్కడి నుంచి టీ నగర్‌కి సిటీబస్సు. ముందుభాగానికి గులాబీ రంగు వేసిన బస్సు, ఆడవాళ్ళకి టికెట్టు లేదు. 2021 నుంచీ ఇక్కడ మామూలు సర్వీసుల్లో ఇలాగే. తెలంగాణలో పోయిన డిసెంబరులో మొదలుపెట్టారు. నలుగురు అరవై ఏళ్ళవాళ్ళం పైసా ఇవ్వకుండా దర్జాగా కూర్చున్నాం. పూలబుట్టతో ఒకామె, టిఫిన్ క్యారేజీతో ఒకామె, పరీక్ష పుస్తకం చదువుకుంటూ ఒక పిల్ల. బస్సు నిండా ఆడవాళ్ళే. ఈ పథకం దండగ అనేవాళ్ళని ఒక్క రోజు ఈ బస్సెక్కించాలి.

మద్రాసు నాకేం ఇచ్చిందంటే, ఒంటరిగా తిరగడం ఇచ్చింది. ఒంగోల్లో పుస్తకాల షాపుకెళ్ళాలన్నా తమ్ముణ్ణి వెంటేసుకెళ్ళాల్సిందే. ఇక్కడ ఆదివారం పూట 29సి ఎక్కి బీసెంట్ నగర్ సముద్రానికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళి తెలుగు నవలలు చదివేదాన్ని. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ఎర్రరాయి భవనం, ఎత్తయిన కప్పు, రంగుటద్దాల వెలుగు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో దొరకని తెలుగు పుస్తకాలు మద్రాసులో దొరికాయి. దేవీ థియేటర్లో ఒక్కదాన్నే కూర్చుని సినిమా చూసి బయటికొస్తే ఎవరూ తేరిపారా చూడలేదు. నాన్న పోగొట్టుకున్నాననుకున్న ఊరు నన్ను పెంచింది. ఈ మాట ఆయన ఉండగా చెప్పాను. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

పానగల్ పార్కు చుట్టూ మెట్రో పనుల రేకులు. రోడ్డు సన్నబడి, మనుషులు భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. ఇదంతా ఒకప్పుడు చెరువు. 1920లలో దాన్ని పూడ్చి పేట కట్టారు. పేటకి పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు, పార్కుకి పానగల్ రాజావారి పేరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. బజుల్లా రోడ్డు మొదట్లో గూడూరు ఆగింది. ఎన్టీ రామారావుగారుండే రోజుల్లో తిరపతి వెళ్ళొచ్చిన యాత్రికుల బస్సులు ఈ రోడ్డుకే వచ్చి ఆగేవి. గూడూరు వాళ్ళ అమ్మ కూడా ఆ గుంపులో నిలబడి ఆయన్ని చూసిందట.

మా హాస్టలు ఇంకా హాస్టలే. రంగు మారింది, గేటు మీద కెమెరా వచ్చింది. "యారు వేణుమ్మా?" అన్నాడు వాచ్‌మన్. లోపలికి వదల్లేదు. వదలకపోవడమే సరైన పని. గేటు దగ్గర నిలబడి మా కిటికీ ఏదో వాదించుకుంటుంటే, తెలుగు విని ఒక అమ్మాయి ఆగింది. శ్రీకాళహస్తి పిల్ల, ఓఎమ్మార్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ.

"ఇక్కడే ఉండేవాళ్ళా ఆంటీ? నిజంగా? అప్పుడు ఫోన్లు కూడా లేవు కదా, ఎట్లా తిరిగేవాళ్ళు?"

"బస్సు నంబర్లు బట్టీ పట్టేవాళ్ళం" అంది కాకినాడ.

ఆఫీసు క్యాబ్ గేటు దగ్గరే ఎక్కించుకుంటుంది, గేటు దగ్గరే దింపుతుంది. తిండి ఫోన్లో తెప్పించుకుంటుంది. బట్టలూ అంతే. సముద్రం ఒక్కసారి చూసిందట, టీమ్ మొత్తం వెళ్ళినప్పుడు. భయమా అని అడిగాను. "భయం కాదాంటీ, వెళ్ళే పని పడలేదు" అంది. మా నలుగురి జీతమూ కలిపితే ఆ పిల్ల సంపాదనలో ఏ మూలకీ చాలదు. అది చూసి సంతోషించాను. కానీ ఇంత ఊరు గేటు బయటే ఉండగా ఆ పిల్ల కాళ్ళు దాన్ని తొక్కకపోవడం నాకు నచ్చలేదు. పానగల్ రాజావారిదీ మీ కాళహస్తే అని చెప్పాను. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి అయిన 1921లోనే ఇక్కడ ఆడవాళ్ళకి ఓటు వచ్చిందనీ, బ్రిటిష్ ఏలుబడిలోని రాష్ట్రాల్లో ముందుగా ఇచ్చింది మద్రాసేననీ చెప్పాను. పార్కు మూలకి చెయ్యి చూపిస్తే, "రోజూ క్యాబ్ అక్కడే మలుపు తిరుగుతుంది" అంది ఆశ్చర్యంగా. కన్నెమరా ఎక్కడో, బీసెంట్ నగర్ బస్సు ఏదో గూడూరు ఆ పిల్ల ఫోన్లోనే రాయించింది. "రేపే వెళ్తా" అంది. వెళ్ళాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం మైలాపూర్లో చిన్న సభలో ఉచిత కచేరీ. ఇరవై దాటని తమిళ అమ్మాయి త్యాగరాజ కీర్తనలు పాడింది. తెలుగు ఉచ్చారణ శుభ్రంగా ఉంది. క్యాంటీన్లో కాఫీ బాగుంది. అలసిపోయి మెరీనా మానుకున్నాం.

15 డిసెంబరు, ఆదివారం. రాత్రి, రైల్లో

పొద్దున రాయపేట హైరోడ్డుకి బయల్దేరుతుంటే కోవైని రమ్మని నేనడగలేదు. తనే చీర మార్చుకుని వచ్చింది. లజ్ దగ్గర మెట్రో తవ్వకాలకి ఆటో చుట్టు తిరిగి పోయింది.

ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. వర్ధంతి కాబట్టి దండలు, కొద్దిమంది తెలుగువాళ్ళు, ఫొటోలు. నేను లోపల చాలాసేపు నిలబడ్డాను. శ్రీరాములుగారు పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1901లో, జార్జిటౌన్‌లో. సబర్మతిలో గాంధీగారి దగ్గర ఉన్న మనిషి. నెల్లూరులో హరిజనుల ఆలయప్రవేశం కోసం అంతకు ముందే నిరాహారదీక్షలు చేశాడు. రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న కూర్చుని డిసెంబరు 15 రాత్రి పోయాడు. నాలుగు రోజులకి నెహ్రూగారు పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, మద్రాసు నగరం లేకుండా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఈ తేదీలన్నీ నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. ఆయన ప్రతిసారీ 'మద్రాసు లేకుండా' దగ్గర ఆగిపోయేవాడు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ దాన్ని నేను మోయక్కర్లేదని ఈరోజు గట్టిగా అనిపించింది. ఆ మహానుభావుడి రుణం ఒకటి, ఈ ఊరి రుణం ఒకటి. రెండూ నావే. ఒకటి తీర్చడానికి రెండోదాన్ని కాదనడం నావల్ల కాదు.

బయటికొచ్చాక గోడ పక్కన నీడలో నిలబడి కోవై అంది. "ఆయప్ప మీకు రాష్ట్రం తెచ్చిచ్చినాడు. మేము ఈ పక్క ఉండిపోతిమి. తప్పు ఎవురిదీ కాదులే."

వాళ్ళ పెద్దలు నాయకరాజుల కాలంలో కోయంబత్తూరు వైపు వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. హాస్టల్లో ఉన్నప్పుడు వాళ్ళమ్మకి తెలుగులోనే ఉత్తరం రాసేది, తమిళ అక్షరాలతో. మేం చూసి ముచ్చటపడేవాళ్ళం. దాని వెనక ఏముందో ఆలోచించే వయసు కాదు. తెలుగు బడి దాని ఊళ్ళో లేదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, ఉన్నచోట్ల కూడా తెలుగు చదివే పిల్లలు తగ్గారు. తమ భాష పిల్లలందరూ చదవాలని తమిళులు అనుకోవడం నాకు తప్పనిపించదు. ఆ పట్టుదల మనకూ ఉంటే బాగుండును. కానీ సరిహద్దుకి అవతల ఉండిపోయిన తెలుగు ఇళ్ళని మనం లెక్కలోంచి తీసేశాం. పోయిన నగరం గురించి ఏడ్చినంత, ఉండిపోయిన మనుషుల గురించి ఏడవలేదు. నాన్న కూడా.

"మనవరాలికి ఏడేండ్లు. తెలుగులోనే కొట్లాడుతుంది నాతో. అక్షరాలు నేర్పిద్దామంటే నాకే చదివేకి రాదు" అంది కోవై. "నువ్వు నేర్పిస్తావా, ఫోన్లో?"

కాకినాడ వెంటనే శనివారాలు తను చెప్తానంది. గూడూరు ఆదివారాలు పుచ్చుకుంది. నాకు రెండు సాయంత్రాలు. కోవై కూడా మనవరాలి పక్కనే కూర్చుని నేర్చుకుంటానని మాటిచ్చింది. ఆటోలో, అన్నాల దగ్గర, సెంట్రల్లో పినాకినీ కదిలేదాకా ఇదే చర్చ. ఒత్తులు ఎప్పుడు మొదలుపెట్టాలి, తమిళంలో ఒకే 'క' ఉన్న పిల్లకి క, ఖ, గ, ఘ ఎలా విడదీసి చెప్పాలి.

పుస్తకం పంపే పని నాది. పెద్దబాలశిక్ష పంపుదామని నేను, ఒకప్పుడు చెన్నపట్నంలోనే అచ్చయి మన ఊళ్ళకి వచ్చిన పుస్తకం కదా అని. దాంట్లో అక్షరాలు చిన్నవి, ముందు ఒకటో తరగతి వాచకం పంపమంటుంది గూడూరు. వాళ్ళమ్మాయి బళ్ళో టీచరు. దాని మాటే వింటాను. విజయవాడ బీసెంట్ రోడ్డు షాపు సోమవారం తీసే ఉంటుంది. రెండు వాచకాలు కొనాలి, ఒక పలక కూడా.