కిరోసిన్ సీసాలో సోడియం

జూలై 8

డిగ్రీ రెండో ఏడాది పిల్లలకి ఇవాళ సోడియం చూపించాను. కిరోసిన్‌లోంచి పటకారుతో ముక్క తీసి, ఫిల్టర్ పేపర్ మీద అద్ది, చాకుతో కోశాను. కోసినచోట వెండిలా మెరిసింది. వెనకవాళ్లు వంగి చూసేలోగా మసకబారింది. "నీళ్లలో వెయ్యండి సార్!" అని ఒకటే గోల. అద్దం అడ్డం పెట్టి చిన్న పలుకు వేశాను. సాంద్రత 0.97, అందుకే తేలింది. 98 డిగ్రీలకే కరిగే లోహం కదా, చర్యలో పుట్టిన వేడికే కరిగి, గుండ్రటి బొట్టయి బుసబుసమంటూ నీటిమీద పరుగులు తీసింది.

జూలై 9

సోడియం నీళ్లలో పేలడానికి కారణం హైడ్రోజన్ మండడమేనని ఏళ్లుగా చెబుతూ వస్తున్నాం. అది సగం సంగతే. 2015లో ప్రాగ్ పరిశోధకులు సోడియం-పొటాషియం మిశ్రమలోహపు బొట్టు నీళ్లలో పడే క్షణాన్ని హైస్పీడ్ కెమెరాతో తీశారు. ఎలక్ట్రాన్లు ఒక్కుమ్మడిగా నీళ్లలోకి వెళ్లిపోతాయి. లోహంలో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దాంతో బొట్టులోంచి ముళ్లు ముళ్లుగా లోహం పొడుచుకొస్తుంది, నీటికి కొత్త ఉపరితలం దొరుకుతుంది. ఎంత అందమైన వివరణ! రేపు ముందు ఇదే చెప్పాలి.

జూలై 15

లాసైన్ పరీక్ష. కర్బన పదార్థంలో సమయోజనీయ బంధాల్లో ఉన్న నత్రజని మామూలు కారకాలకి చిక్కదు. సోడియంతో కలిపి కాలిస్తే సయనైడ్‌గా బయటపడుతుంది. ఎర్రగా కాలిన గొట్టాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచగానే ఫట్‌మని పగిలింది. మరిగించి, వడకట్టి, ఫెర్రస్ సల్ఫేట్ వేసి మళ్లీ మరిగించి, ఆమ్లం కలిపితే నీలం! ఒకమ్మాయికి మొదట రాలేదు. ఇంకో ముక్కతో చేయించాను, వచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక, వీడియో చూపించి సరిపెట్టమనే సలహాకి నేను ఎప్పటికీ ఒప్పుకోను. జాగ్రత్త నేర్పాలిగాని సీసా దాచెయ్యకూడదు. మిగిలిన ముక్కల్ని స్పిరిట్‌లో కరిగించాం, సింకు దగ్గరికి పోనివ్వలేదు.

జూలై 16

కల్పాక్కం గురించి అడిగారు. అక్కడి 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌ని చల్లబరిచేది ద్రవ సోడియమే, సుమారు 1750 టన్నులు. వేడిని బాగా మోస్తుంది, న్యూట్రాన్ల వేగాన్ని పెద్దగా తగ్గించదు, 883 డిగ్రీల దాకా మరగదు కనుక అధిక పీడనం అక్కర్లేదు. పైన ఆర్గాన్ కప్పు. "మరి ఆవిరి చెయ్యాలంటే నీళ్లు కావాలి కదా?" అన్నాడొకడు. అసలు ప్రశ్న అదే. కోర్‌ని తాకిన సోడియం వేడిని మరో సోడియం వలయానికి ఇస్తుంది. నీటి గొట్టాల చుట్టూ తిరిగేది ఈ రెండోదే. గొట్టానికి సూదిమొనంత చిల్లి పడినా, పుట్టిన హైడ్రోజన్‌ని పసిగట్టే పరికరాలున్నాయి.