బొమ్మలు పిల్లల సొత్తు

పిల్లలున్న ఇంట బొమ్మలుండటం దోషం కాదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. వాటి నడుమ గుడ్డపీలికల రెక్కలు తొడిగిన గుర్రమొకటి ఉండగా చూసి, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ ప్రవక్త (అ) గుర్రాలకు రెక్కలుండేవని తమరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆ మాటకు ఆయన మనసారా నవ్వారని అబూ దావూద్ హదీసు గ్రంథం తెలుపుతున్నది. ఆషూరా నాడు తమ పిల్లల చేత కూడా ఉపవాసం పాటింపజేసేవారమని, ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మను చేతికిచ్చి ఇఫ్తార్ వేళ దాకా మరపించేవారమని రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

గుడ్డపీలికలు, కాస్త ఉన్ని. ఆనాటి మదీనాలో పిల్లల మనసు నింపడానికి అవి సరిపోయాయి. నేటి మన ఇళ్ళలో నిండుతున్నది పిల్లల మనసా, ఇంటి మూలలా అన్నది ఆలోచించవలసిన విషయం.

మేము ఉద్యోగరీత్యా మారేడుమిల్లిలో ఉంటున్నాము. రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదేళ్ళు. ప్రతి ఈద్‌కూ, ప్రతి ప్రయాణానికీ నానీ, దాదీ, మామయ్యలు ప్రేమతో ఇచ్చినవి, మేము కొన్నవి కలిసి మంచం కింద, అటక మీద, కిటికీ గూట్లో చేరాయి. జానిమాజ్ పరచాలంటే ముందుగా కార్లను, బ్లాకులను పక్కకు జరపవలసి వచ్చేది. పైగా వానాకాలంలో ఈ కొండల్లో రోజుల తరబడి చెమ్మ ఆరదు. గుడ్డబొమ్మలకు బూజు పడుతుంది. బ్యాటరీలు కారి బొమ్మ లోపలి తీగలు చిలుము పడతాయి. షాబాన్ నెలలో, రంజాన్‌కు ఇల్లు శుభ్రం చేసుకుంటూ అన్నింటినీ చాప మీద పోసి లెక్కించగా నూట నలభై దాటాయి. పిల్లలు రోజూ ముట్టుకునేవి పది కూడా లేవు.

ఇది మా ఇంటి విశేషం కాదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది పసిపిల్లలను గమనించి, 2018లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. 16 బొమ్మలు ముందున్నప్పటి కన్నా 4 మాత్రమే ఉన్నప్పుడు ఆ పిల్లలు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. సమృద్ధి మనిషిని ఏమరుపాటులో పడవేస్తుందని తకాసుర్ సూరా మనలను హెచ్చరిస్తున్నది. ఆ ఏమరుపాటు పెద్దల సిరిసంపదలకే పరిమితం కాదేమో!

తగ్గించాలని నిశ్చయించుకున్న తరువాత ఒక ప్రశ్న ఎదురైంది. ఈ బొమ్మలు ఎవరివి? పిల్లలు బడికి వెళ్ళిన వేళ సంచిలో వేసి పంపివేయడం సులువు. కాని ఆ హక్కు మనకున్నదా? మాకు తెలిసిన ఒక ఆలిమ్ గారిని అడిగాము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, పిల్లవానికి కానుకగా వచ్చినది పిల్లవాని సొత్తేనని, తండ్రి దానికి సంరక్షకుడే గాని దానం చేయగల యజమాని కాడని, యుక్తవయసు రాని బిడ్డ తానుగా చేసిన దానం కూడా చెల్లదని ఆయన వివరించారు. తల్లిదండ్రులు యాజమాన్యం తమ వద్దే ఉంచుకుని ఆడుకోవడానికి మాత్రమే ఇచ్చినవైతే వాటిని తీసి ఇతరులకు ఇవ్వవచ్చు. బిడ్డకు కానుకగా వచ్చినవాటికి న్యాయమైన వెల కట్టి, ఆ సొమ్ము బిడ్డ పేరిట ఉంచి, ఆపైన ఇవ్వవచ్చు. పాఠకులు తమ ఉలమాను అడిగి తెలుసుకొనగలరు. మాకు మాత్రం ఈ మాట కళ్ళు తెరిపించింది. ఐదేళ్ళ బిడ్డకు కూడా సొత్తు ఉంటుంది, దానికి షరీఅత్ కాపలా ఉంటుంది!

ఆ శుక్రవారం సాయంత్రం నలుగురమూ కూర్చుని బొమ్మలను నాలుగు కుప్పలుగా చేశాము: ఉంచుకునేవి, కొంతకాలం దాచేవి, ఇచ్చేవి, పనికిరానివి. పసుపు లారీని ఇవ్వనని అబ్బాయి గట్టిగా పట్టుకున్నాడు. మేము బలవంతం చేయలేదు. చక్రం ఊడిన కారును మాత్రం ఇచ్చే కుప్పలో పెట్టబోయాడు. “దీన్ని ఎవరైనా నీకిస్తే తీసుకుంటావా, తమ్ముడూ?” అని అక్క అడిగింది. వాడు కాసేపు ఆలోచించి దానిని నాలుగో కుప్పలోకి మార్చాడు. తాము కళ్ళు మూసుకుంటే తప్ప స్వీకరించని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వవద్దని బఖరా సూరా 267వ ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఆ బోధ మా ఇంట ఒక చక్రం లేని కారు ద్వారా పిల్లలకు అర్థమైంది.

అమ్మాయి తన లక్కపిడతలను ఇచ్చే కుప్పలో పెట్టింది. పొయ్యి, కుండ, గరిటె, తిరగలి ఉన్న ఆ సెట్టు వాళ్ళ నానీ ఇచ్చినది, ఆమెకు అన్నిటికన్నా ప్రియమైనది. పక్కింటి కొండరెడ్ల అమ్మాయి ఆమెకు బడి స్నేహితురాలు. ఇస్తే ఆమెకే ఇస్తానన్నది. మేము వెల కట్టి ఆ సొమ్మును ఆమె డిబ్బీలో వేశాము. సెట్టును ఆమె చేతనే ఇప్పించాము. అంతకు ముందు ఆ పిల్ల తల్లిని అడిగాము. ఆమె లక్కపిడతలను సంతోషంగా ఒప్పుకున్నారు. తమ అబ్బాయికి తీసి ఉంచిన బ్యాటరీ కారును మాత్రం వద్దన్నారు. “బ్యాటరీ అయిపోతే మళ్ళీ కొనమని ఏడుస్తాడక్కా. ఎక్కడని కొనేది?” అన్నారు. అవతలి ఇంటి అవసరం ఆ ఇంటివారికే తెలుస్తుంది. అడిగి ఇవ్వడంలో వారి గౌరవం నిలుస్తుంది. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసుకోలేదు.

ఆ రాత్రి అమ్మాయి దుప్పటి కప్పుకుని ఏడ్చింది. తిరిగి తెమ్మందామా అని అడగబోయేలోగా తానే, “ఇచ్చింది మళ్ళీ అడగకూడదు కదా, అమ్మీ” అన్నది. బదులుగా మరొక సెట్టు కొని ఓదార్చాలని మా మనసు లాగింది. కొనలేదు. ప్రియమైనదాని నుంచి ఖర్చు చేయనిదే పుణ్యం సిద్ధించదని ఆలె ఇమ్రాన్ సూరా 92వ ఆయత్ అవతరించినప్పుడు, అబూ తల్హా (రజి) తనకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను దైవమార్గంలో ఇచ్చివేశారు. ప్రవక్త (స) సలహాపై దానిని దగ్గరి బంధువులకు పంచారు. తొమ్మిదేళ్ళ బిడ్డకు లక్కపిడతలే బైరుహా తోట. వెంటనే మరొకటి కొనిపెడితే ఆ త్యాగాన్ని మనమే చిన్నబుచ్చినట్లవుతుంది.

పక్కింటి పిల్లలకు ఆటవస్తువులు లేవని ఇచ్చినది కాదు అది. చింతపిక్కలు, పుల్లలు, వెదురుముక్కలు వారి చేతిలో ఎన్ని ఆటలవుతాయో మేము రోజూ చూస్తూనే ఉన్నాము. వారం తరువాత ఆ ఇంటి పెద్దాయన మా అబ్బాయికి వెదురుతో చిన్న విల్లు చేసి ఇచ్చారు. కానుకలు ఇచ్చిపుచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందన్న ప్రవక్త (స) బోధ రెండు ఇళ్ళ నడుమా నిజమైంది.

ఇక పనికిరానివి. విరిగిన ప్లాస్టిక్‌ను ఇంటి వెనుక పారవేస్తే తొలి వానకే వాగులోకి చేరుతుంది, కాలిస్తే విషపు పొగ వస్తుంది. అందుచేత వాటిని సంచిలో కట్టి, రాజమహేంద్రవరం వెళ్ళినపుడు పాత సామాను కొనేవారికి అప్పగించాము. బ్యాటరీలను ముందే తీసి వేరుగా కట్టాము. బొత్తాము బ్యాటరీలను పసివారు మింగితే ప్రాణాపాయం కనుక వాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఇప్పుడు మా ఇంట రెండు వెదురుబుట్టలు ఉన్నాయి. ఒకటి పిల్లల ముందు, ఒకటి అటక మీద. నెలకొకసారి మారుస్తాము. పాతవే కొత్తవిగా కనబడతాయి. కొత్త బొమ్మ వస్తే బుట్టలో చోటు ఎలా చేయాలో పిల్లలే నిర్ణయిస్తారు. ఈద్‌కు ఒక్కొక్కరికి ఒక పుస్తకమో, ఒక కర్రబొమ్మో చాలునని బంధువులకు మర్యాదగా విన్నవించుకున్నాము. కొనదలచినవారికి మన ఏటికొప్పాక ఉన్నది. వరాహనది ఒడ్డున ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను తరిణ పట్టి, లక్కతో రంగులద్ది చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కార్ఖానా బొమ్మలు కొనేవారు బీఐఎస్ ముద్ర చూసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

బొమ్మలు తగ్గితే ఇంట చోటు పెరుగుతుంది. అది చిన్న లాభం. తన సొత్తు ఏదో, తన పొరుగువారు ఎవరో, ఇవ్వదగినది ఏదో బిడ్డ తన చేతులతో తెలుసుకోవడం పెద్ద లాభం. రాబోయే రంజాన్‌కు ముందు ప్రతి ఇంటా తల్లిదండ్రులు బిడ్డలతో కలిసి ఒకసారి ఆ బుట్ట ముందు కూర్చోవాలి. ఇచ్చే చేయిగా వారిని పెంచే సౌభాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.