మబ్బు చాటు కొండలు

నంద్యాలకు ఉత్తరాన బండి ఆత్మకూరు అనే వూరు వున్నది. చుట్టూ వరి మళ్లు, తూర్పున నల్లమల కొండలు. ఆ కొండల మొదట్లో ఓంకారం అనే శివక్షేత్రం వున్నది. వానాకాలంలో ఒక్కొక్క రోజు అటు చూస్తే కొండలే కనిపించవు, మబ్బులు కమ్మేస్తాయి. మబ్బు విడిపోగానే కొండలు మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

మబ్బు ఎన్నటికీ విడిపోకపోతే? అటువంటి లోకం ఒకటి వున్నది. మనం వేగుచుక్క అని పిలిచే శుక్రగ్రహమే అది. ఎంత పెద్ద దూరదర్శినితో చూసినా మబ్బులే తప్ప దాని కొండలు కనిపించవు.

మరి ఆ కొండలను కొలిచినదెలా? కొండ కెదురుగా నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది గదా! కొండ దగ్గరైతే త్వరగా వస్తుంది, దూరమైతే ఆలస్యంగా వస్తుంది. రాడార్ చేసే పని కూడా ఇటువంటిదే. అయితే అది వేసే కేక రేడియో తరంగం. దానికి మబ్బూ అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు. గరుకు నేల తరంగాలను ఎక్కువగా తిప్పి పంపుతుంది గనక పటంలో తెల్లగా కనిపిస్తుంది. నున్నని నేల వాటిని పక్కకు తోసేస్తుంది గనక నల్లగా కనిపిస్తుంది.

అమెరికా వారి మాజెలాన్ నౌక 1990 ఆగస్టు 10న శుక్రుణ్ణి చేరి, దాని చుట్టూ తిరుగుతూ, 1994 లోగా నూటికి 98 పాళ్ల నేలను ఈ విధంగా చిత్రించింది. అక్కడి పీఠభూమి ఒకదాని పేరేమిటో తెలుసా? లక్ష్మి! దాని అంచున వున్న మాక్స్‌వెల్ పర్వతాల ఎత్తు సుమారు 11 కిలోమీటర్లు.

ఇప్పుడు ఇదే విద్య మన భూమికీ ఉపయోగపడుతున్నది. భారతదేశమూ అమెరికా కలిసి తయారుచేసిన నిసార్ ఉపగ్రహం 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. సుమారు 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 రోజుల కొకసారి అది తన పాత దారికి వస్తుంది.

నంద్యాల మీదుగా పారే కుందూ నది పొంగినప్పుడు ఆకాశమంతా మబ్బే గదా! మామూలు కెమెరా పైనుంచి ఆ మబ్బునే చూడగలదు. రాడార్ కిందికి చూస్తుంది. పైరు పూర్తిగా మునిగి, నీరు కదలక నిలిచిన చోటు దానికి నల్లగా కనిపిస్తుంది. ఏ వూరి మళ్లు ఎంత మేర మునిగాయో అధికారులకు తెలుస్తుంది.

కాని వరద 12 రోజులు ఆగదు. మునిగిన వరి అన్నాళ్లు బతకదు. అందుచేత ఒక్క ఉపగ్రహం చాలదు. మన దేశం 2012లో రీశాట్-1నూ, 2022లో ఇ.ఓ.ఎస్.-04నూ పంపింది. అవి కూడా రాడార్ ఉపగ్రహాలే. ఇటువంటి కళ్లు ఆకాశంలో ఎన్ని ఎక్కువైతే రైతుకు అంత మేలు.